నాలుగు శృతిలో అమ్మ జోలపాట: ఆల్టో, టెనర్ శాక్సఫోన్లతో నా ప్రాజెక్టు డైరీ

జూన్ 8

చెల్లికి సెప్టెంబరు నెలాఖరుకి డెలివరీ డేట్ ఇచ్చారు. బారసాల రోజు బిడ్డని ఉయ్యాలలో వేసేటప్పుడు అమ్మ పాడే జోలపాటని నేను శాక్సఫోన్ మీద వాయించాలి. ఇదీ ప్రాజెక్టు. చేతిలో దాదాపు నాలుగు నెలలున్నాయి. ఆల్టో శాక్సఫోన్ నా దగ్గర మూడేళ్లుగా ఉంది. సరళీ స్వరాలు, కొన్ని గీతాలు వాయిస్తాను. ఒక పాటని మొదటి నుంచి చివరిదాకా మనుషుల ముందు వాయించింది లేదు.

ఈ పాట ఏ పుస్తకంలోనూ లేదు. అమ్మ వాళ్లమ్మ దగ్గర విని నేర్చుకుంది. జనగామ వైపు ఊరు వాళ్లది. రెండు వరుసల పల్లవి, నాలుగు చరణాలు. నా దగ్గర ఉన్నదల్లా ఆరేళ్ల కిందట మా బాబుని నిద్రపుచ్చుతూ అమ్మ పాడినప్పుడు ఫోన్లో తీసిన రికార్డింగు. రెండు నిమిషాల నలభై సెకన్లు. వెనక ఫ్యాన్ చప్పుడు, మధ్యలో బాబు దగ్గు. ఎన్నిసార్లు విన్నా ఆ దగ్గు దగ్గర నేను ఆగిపోతాను.

జూన్ 10

ఫోన్లో శృతిపెట్టె పెట్టి సరిచూశాను. రికార్డింగులో అమ్మ షడ్జం, అంటే పాట నిలబడే స, సరిగ్గా ఐదు శృతి, అంటే హార్మోనియం మీద జి. స్వరాలు స రి గ ప ద. మోహన రాగం లాగే నడుస్తోంది. రెండో చరణంలో ఒకచోట స నుంచి కిందికి దిగుతూ ని తాకింది. మోహనంలో ని లేదు కాబట్టి, నిద్రమత్తులో జారి ఉంటుందనుకుని నా నోట్స్‌లో దాన్ని తీసేశాను.

శృతి దొరికాక వేళ్ల లెక్క. శాక్సఫోన్ నేర్చుకునే వాళ్లంతా మొదట తికమకపడేది ఇక్కడే. ఆల్టో మీద సి అనే స్వరానికి వేళ్లు పెట్టి ఊదితే వినిపించేది సి కాదు, ఇ ఫ్లాట్. మన లెక్కలో రెండున్నర శృతి. అవే వేళ్లు ఆల్టో కన్నా పెద్దదైన టెనర్ మీద పెడితే బి ఫ్లాట్ వస్తుంది, ఆరున్నర. బెల్జియం వాడైన అడాల్ఫ్ సాక్స్ 1846లో పారిస్‌లో పేటెంట్ తీసుకున్నప్పుడే దీన్ని చిన్నా పెద్దా వాయిద్యాల కుటుంబంగా ఆలోచించాడు. వేళ్లు అన్నిటికీ ఒకటే. గొంతు మాత్రం దేనిది దానిదే. ఒకటి నేర్చుకుంటే ఇంకోటి పట్టుకోవచ్చు, కానీ పక్కన పాడే మనిషి శృతికి కలపాలంటే వేళ్లు మార్చుకోవాల్సిందే.

స్టాఫ్ నోటేషన్ చదివేవాళ్లు దీనికి ఏవో షార్పుల లెక్కలు చెబుతారు. నాకు సులువైన దారి వేరే ఉంది. పాడే మనిషి షడ్జం నా వాయిద్యం మీద ఏ వేళ్లలో ఉందో ముందు వెతుక్కుంటాను. ఐదు శృతి షడ్జానికి ఆల్టో మీద ఇ వేళ్లు. అక్కణ్ణుంచి మోహనం: ఇ, ఎఫ్ షార్ప్, జి షార్ప్, బి, సి షార్ప్. ఒక చార్టు గీసి వంటింటి తలుపుకి అంటించాను.

జూన్ 21

పల్లవి వచ్చింది. నిమిషానికి 60 దెబ్బల వేగంలో, ఒక్కో వరుస ఒక్కో ఊపిరిలో. అమ్మ అసలు వేగం ఇంకా నెమ్మది, అయితే ఆ నెమ్మదిలో నా ఊపిరి చాలడం లేదు.

చరణంలోనే ఇబ్బంది. అక్కడ పాట మంద్ర పంచమం, అంటే కింది స్థాయి (ఆక్టేవ్) ప దాకా దిగుతుంది. ఆల్టో మీద అది అడుగు నుంచి రెండో స్వరమైన బి. దానికి ముందు వచ్చే మంద్ర ధైవతం, కింది ద, సి షార్ప్. రెండింటికీ ఎడమచేతి చిటికెన వేలే దిక్కు, ఒక మీట మీద నుంచి ఇంకో మీట మీదికి జారాలి. మిగతా వేళ్లన్నీ అప్పటికే మూసి ఉంటాయి. గట్టిగా ఊదితే బి పలుకుతుంది, కానీ లారీ హారన్‌లా. మెల్లగా మొదలుపెడితే స్వరం ఎగిరి పై స్థాయిలో పడుతోంది. జోలపాటలో అన్నిటికన్నా మెత్తగా ఉండాల్సిన చోటే నా ఆల్టో అన్నిటికన్నా మొరటుగా మోగుతోంది. రోజుకి ఇరవై నిమిషాలు ఈ రెండు స్వరాలే.

జూలై 6

వానలు పట్టుకున్నాయి. పొద్దున పాట మొదలుపెట్టగానే వంటింట్లోంచి అమ్మ అరిచింది. "అదేందే, గట్ల ఏడుస్తుంది పాట?"

నాకూ ఏదో తేడాగానే ఉంది, ఏమిటో అర్థం కాలేదు. స్వరం స్వరం విడివిడిగా వాయించి చూశాక తెలిసింది. జి షార్ప్ మూతకి ఉన్న తోలు ప్యాడు తేమకి తన రంధ్రానికి అంటుకుపోయింది. మీట నొక్కుతున్నాను, మూత లేవడం లేదు. జి షార్ప్ రావాల్సిన చోట జి వస్తోంది. ఈ శృతిలో జి షార్ప్ అంటే నా అంతర గాంధారం, పెద్ద గ. అది జి అయితే సాధారణ గాంధారం, అర స్వరం కింది గ. మోహనంలో ఆ ఒక్క గాంధారం మారితే వచ్చేది శివరంజని రాగం! చేతిలో ఒక తోలు బిళ్ల అంటుకుంటే నా జోలపాట శోకం పాటైపోయింది. దాన్ని నాకన్నా ముందు అమ్మ చెవి పట్టుకుంది. ఆవిడ సంగీతం నేర్చుకున్న మనిషి కాదు.

పల్చటి కాగితం ముక్క ప్యాడు కింద పెట్టి, మూత మెల్లగా నొక్కి తేమ పీల్పించాను. నాలుగైదు సార్లు చేస్తే లేచింది. కాగితాన్ని లాగకూడదు, తోలు చిరుగుతుంది. నొక్కి వదలాలంతే. ఇకమీదట వాయించడం అయ్యాక గుడ్డతో లోపల తుడిచి, పది నిమిషాలు బయట ఆరనిచ్చాకే పెట్టెలో పెడుతున్నాను.

జూలై 20

తార్నాకలో మా అపార్ట్‌మెంటు గోడలు పల్చన. కింది ఫ్లాటులో పదో తరగతి పిల్ల ఉంది, సాయంత్రం చదువుకునే టైము. ఆ అమ్మాయి చదువు నాకు ముఖ్యమే. శబ్దం తగ్గించడానికి శాక్సఫోన్ నోట్లో టవలు కుక్కి చూశాను. ఇది పనిచేయదు. ట్రంపెట్‌లో శబ్దమంతా చివరి నోటి నుంచే వస్తుంది, శాక్సఫోన్‌లో మాత్రం తెరిచి ఉన్న రంధ్రాల నుంచే చాలావరకు బయటికి వచ్చేస్తుంది. టవలు పెడితే అడుగు స్వరాలు పాడయ్యాయి, మిగతావి అంతే గట్టిగా మోగాయి.

అందుకని పొద్దున్నే ఉస్మానియా క్యాంపస్‌కి వెళుతున్నాను. ఆర్ట్స్ కాలేజీకి దూరంగా, చెట్ల కింద. ఆరుబయట శబ్దం తిరిగి రాదు. ఊదింది ఊదినట్టు పోతుంది. గదిలో వినసొంపుగా ఉన్న నా పల్లవి అక్కడ పల్చగా, వణుకుతూ వినిపించింది. మొదటి రెండు రోజులు చాలా బాధపడ్డాను. మూడో రోజు నుంచి పాట సంగతి వదిలేసి ఒక్కో స్వరాన్నే ఎనిమిది లెక్కలు నిలబెట్టడం మొదలుపెట్టాను. వాకింగ్‌కి వచ్చే ఒక పెద్దాయన రోజూ కాసేపు నిలబడి విని వెళుతున్నారు. ఏమీ మాట్లాడరు. ఆయన ఆగిన రోజు ఊపిరి కాస్త ఎక్కువ నిలుస్తోంది.

ఆగస్టు 3

ఇవాళ్టి సంగతి రాయడం కష్టంగా ఉంది.

పాట మొత్తం ఒక రూపానికి వచ్చిందని, "అమ్మా, నువ్వు పాడు, నేను వాయిస్తా" అన్నాను. అమ్మ చీర చెంగుతో చేతులు తుడుచుకుని వచ్చి కూర్చుంది. నేను షడ్జం ఇచ్చాను. అందుకుంది. పల్లవి రెండో వరుసలో పై స్వరాల దగ్గర గొంతు చీలింది. ఆగి, దగ్గి, మళ్లీ మొదలుపెట్టింది. మళ్లీ అక్కడే.

"అంత పైకి వద్దు బిడ్డా. నాకు అందుతలేదు" అంది. మామూలుగా, కూరలో ఉప్పెక్కువైందని చెప్పినట్టే అంది.

శాక్సఫోన్ పక్కన పెట్టి, నీకు ఎక్కడ హాయిగా ఉంటే అక్కడ పాడమన్నాను. శృతిపెట్టె పెట్టి చూస్తే నాలుగు. ఎఫ్. ఆరేళ్లలో అమ్మ గొంతు పూర్తిగా ఒక శృతి దిగిపోయింది. ఇంట్లో రోజూ ఆ గొంతు వింటూనే ఉన్నాను, నాకు తెలియలేదు. రెండు నెలలుగా నేను కలుపుతున్నది ఫోన్లో ఉన్న అమ్మతో, పక్క గదిలో ఉన్న అమ్మతో కాదు.

ఇంకొకటి. రెండో చరణంలో స నుంచి దిగుతూ అదే ని తాకింది, ఆరేళ్ల కిందట తాకిన చోటే. ఆ పాట అంతే. నేను దిద్దాల్సింది ఏమీ లేదు. నోట్స్‌లో కొట్టేసిన ని మళ్లీ రాసుకోవాలి.

ఆగస్టు 4

నాలుగు శృతికి ఆల్టో మీద షడ్జం డి వేళ్లలో పడుతుంది. డి, ఇ, ఎఫ్ షార్ప్, ఏ, బి. వేళ్లకి ఐదు శృతి కన్నా ఎంతో తేలిక. అంటుకుపోయే జి షార్ప్ లెక్కలోనే లేదు. సంతోషపడేలోపే మంద్ర పంచమం గుర్తొచ్చింది. అమ్మ షడ్జం స్థాయిలోనే వాయిస్తే మంద్ర పంచమానికి ఆల్టో మీద ఏ కావాలి. ఆల్టో అడుగు స్వరం దానికి అర స్వరం పైనే, బి ఫ్లాట్ దగ్గరే ఆగిపోతుంది. రెండు నెలలు చిటికెన వేలితో కుస్తీ పట్టిన స్వరం ఇప్పుడు వాయిద్యం మీదే లేదు.

ఒక స్థాయి పైన వాయించొచ్చు. కానీ అది అమ్మ గొంతు కాదు, పక్కన చిన్నపిల్ల పాడినట్టు ఉంటుంది.

ఆగస్టు 10

నాకు ఆల్టో నేర్పిన సార్ దగ్గరికి వెళ్లాను. సికింద్రాబాద్‌లో ఉంటారు, పోలీసు బ్యాండులో చేసి రిటైరయ్యారు. చెప్పిందంతా విని లోపలికి వెళ్లి పెద్ద పెట్టె ఒకటి తెచ్చారు. టెనర్.

"మీ అమ్మ గొంతు ఇండ్ల ఉంది తల్లీ. తీస్కపో. కిరాయి గిరాయి వద్దు, రీడ్లు నువ్వే కొనుక్కో."

లెక్క చూస్తే నిజమే. నాలుగు శృతి షడ్జం టెనర్ మీద జి వేళ్లు. జి, ఏ, బి, డి, ఇ. మంద్ర ధైవతం కింది ఇ, మంద్ర పంచమం కింది డి. అడుగున ఇంకా నాలుగు స్వరాలు మిగిలే ఉన్నాయి. పాటంతా వాయిద్యం నడిబొడ్డున కూర్చుంది.

సార్ బ్యాండులో క్లారినెట్ కూడా వాయించేవారు. ఆయన చెప్పిన ఒక మాట రాసుకోవాలి. క్లారినెట్‌లో పై స్థాయి మీట నొక్కితే స్వరం ఒక స్థాయి దాటి ఆ పై పంచమానికి ఎగురుతుంది, అందుకని కింద ఒక వేళ్ల లెక్క, పైన ఇంకో లెక్క. శాక్సఫోన్ గొట్టం శంకువులా వెడల్పవుతూ పోతుంది కాబట్టి సరిగ్గా ఒక స్థాయే ఎగురుతుంది. కింది స కీ పై స కీ వేళ్లు ఒకటే, బొటనవేలు మీట తప్ప. మన సన్నాయి గొట్టమూ అలా వెడల్పయ్యేదే, అదీ స్థాయికే ఎగురుతుంది. ఇత్తడితో చేసినా శాక్సఫోన్‌ని రీడు (ఊదే చోట కంపించే సన్నని బద్ద) వల్ల కర్ర వాయిద్యాల (వుడ్‌విండ్) జాతిలోనే కలుపుతారు. సన్నాయికి ఇది దూరపు చుట్టం అనిపించింది నాకు. నాదస్వర విద్వాంసుల ఇంట్లో పుట్టిన కద్రి గోపాల్‌నాథ్ మైసూరు ప్యాలెస్ బ్యాండులో శాక్సఫోన్ విని దాని వెంట పడ్డారంటే ఆశ్చర్యమేముంది. ఆయనది ఆల్టో. ఆయన కచేరీలు వినే నేనూ ఆల్టో కొన్నాను. 2019 అక్టోబరు 11న ఆయన పోయారని తెలిసిన రోజు ఇంట్లో రాత్రిదాకా ఆయన రికార్డులే పెట్టుకుని కూర్చున్నాం.

ఆగస్టు 12

టెనర్ చాలాకాలంగా మూలన ఉన్నది. కింది స్వరాలు గుడగుడలాడుతున్నాయి. రాత్రి గదిలో లైట్లన్నీ ఆర్పి, సన్నని ఎల్‌ఈడీ తీగని గొట్టంలోకి దింపి, ఒక్కో మూత మెల్లగా మూసి చూశాను. సరిగ్గా మూసుకున్న ప్యాడు చుట్టూ చీకటి ఉండాలి. రెండు చోట్ల వెలుతురు గీత కనిపించింది. అక్కణ్ణుంచే గాలి పోతోంది.

సార్ దగ్గరికి తీసుకెళితే స్పిరిట్ దీపం వెలిగించారు. ఈ టెనర్‌లో ప్యాడ్లని మూతలో అంటించింది లక్కతోనే. మూతని కొంచెం వేడి చేస్తే లక్క కరుగుతుంది, ప్యాడుని వెంట్రుకవాసి జరిపి, మూసి, చల్లారేదాకా పట్టుకోవాలి. లాడ్ బజారులో గాజులు చేసేవాళ్లు లక్కని నిప్పు మీద తిప్పుతుంటే చిన్నప్పుడు అమ్మ చెయ్యి పట్టుకుని చూసేదాన్ని. అదే వాసన. రెండు ప్యాడ్లకి గంటన్నర పట్టింది. తర్వాత కింది బి ఫ్లాట్ మెల్లగా ఊదినా పలికింది.

ఆగస్టు 24

వేళ్లు ఒకటే కదా అని టెనర్‌ని తక్కువ అంచనా వేయకూడదు. మార్చుకోవాల్సినవి నోరు, ఊపిరి, మెడ.

మౌత్‌పీస్ ఒక్కటే తీసి ఊది చూసుకోవడం మంచి పరీక్ష. ఆల్టోది ఏ పలకాలి, టెనర్‌ది జి. నాకు మొదట టెనర్‌ది కూడా ఏ దాకా పోయింది. ఆల్టో అలవాటుతో కింది పెదవిని గట్టిగా బిగిస్తున్నానన్నమాట. సార్ అద్దం ముందు కూర్చోబెట్టి, "ముద్ద నోట్ల పెట్టుకున్నట్టు ఉండాలె, కొరికినట్టు కాదు" అన్నారు. జి దొరకడానికి వారం పట్టింది. దొరికిన రోజు నుంచి టెనర్ గొంతే మారిపోయింది.

రీడ్లు రెండున్నర నంబరు నుంచి రెండుకి దిగాను. మెడకి వేసుకునే మామూలు పట్టీతో అరగంటకే మెడ పట్టేసింది, భుజాల మీదుగా వచ్చే పట్టీ తీసుకున్నాక హాయి.

ఊపిరి సంగతి వేరే చెప్పాలి. ఆల్టో మీద ఒక్క ఊపిరికి వచ్చే వరుస టెనర్ మీద ముప్పాతికకే అయిపోతోంది. అమ్మ ఎక్కడ ఊపిరి తీసుకుంటుందో విన్నాను. వరుస చివర కాదు! మాట అయిపోయిన చోట, వరుస మధ్యలో, ఉయ్యాల తాడు లాగే ఊపులో తీసుకుంటుంది. నేనూ అక్కడే తీసుకున్నాను. ఒక్కసారిగా పాట సర్దుకుంది. జూన్ నుంచి వరుసకి ఒక ఊపిరి అని నేను పెట్టుకున్న నియమం పాటది కాదు, నాది.

సెప్టెంబరు 12

గ నుంచి ప. ఈ నెలంతా ఇదే. మోహనంలో గ-ప అడుగడుగునా వస్తుంది. టెనర్ మీద గ అంటే బి, ఒక్క వేలు. ప అంటే డి, రెండు చేతుల ఆరు వేళ్లు, పైన స్థాయి మీట కోసం బొటనవేలు. ఒక్క వేలు ఉన్న చోటికి ఏడు వేళ్లు ఒకే క్షణంలో చేరాలి. ఒక్కటి ఆలస్యమైతే మధ్యలో ఒక దొంగ స్వరం టిక్కుమంటుంది. స్వరం ధ్వని కూడా మారుతుంది. బి పల్చన, డి బరువు. పాడే గొంతులో గ-ప మధ్య గోడ లేదు, వాయిద్యంలో ఉంది.

అద్దం ముందు, కళ్లు మూసుకుని, ఊదకుండా వేళ్లు మాత్రమే, ఊదుతూ వేళ్లు చూడకుండా, అన్ని రకాలుగా చేశాను. పనిచేసింది ఒకటే. గ మీద ఉండగానే నోట్లో ప పాడుకున్నట్టు గొంతు తెరిచి ఉంచడం, గాలిని ప కోసం ముందే పంపడం. వేళ్లు తర్వాత వస్తాయి.

వినాయక మండపాల మైకులు రాత్రి పదిదాకా మోగుతున్నాయి. నా టెనర్ ఎవరికీ వినబడదు కాబట్టి ఇంట్లోనే నిండుగా ఊదుకుంటున్నాను. నా సాధనకి ఈ రోజులు వరం.

సెప్టెంబరు 28

ఆడపిల్ల. తల్లీబిడ్డా క్షేమం. ఇవాళ వాయించలేదు.

అక్టోబరు 5

పాపని చూశాక నాకు టెన్షన్ మొదలైంది. అంత చిన్న చెవులు. టెనర్‌ని మామూలుగా ఊదితే ఆ గదిలో ఎవరూ ఉండలేరు. ఇన్నాళ్లూ నేను పాట గురించి ఆలోచించాను, వినేది ఎవరో ఆలోచించలేదు.

సార్‌కి ఫోన్ చేస్తే సబ్‌టోన్ నేర్చుకోమన్నారు. దవడ కొంచెం వెనక్కి, కింది పెదవి వదులు, మౌత్‌పీస్ నోట్లో తక్కువ. రీడు కొస ఎక్కువ భాగం పెదవి మెత్తదనంలో ఉంటుంది, పదునైన పై ధ్వనులు అణగిపోతాయి, స్వరంతో పాటు గాలి వినిపిస్తుంది. కింది స్వరాలకి ఇది బాగా కుదురుతుంది. ఒక ఇబ్బంది, శృతి కిందికి జారుతుంది. మౌత్‌పీస్‌ని కార్కు మీద ఇంకొంచెం లోపలికి తోసి సరిచేసుకున్నాను. ఏసీ గదిలో చల్లటి వాయిద్యం ఇంకా దిగుతుంది కాబట్టి మొదలుపెట్టే ముందు శబ్దం రాకుండా వెచ్చటి గాలి ఊదుతూ ఐదు నిమిషాలు కూర్చోవాలి.

మొదటిసారి మంద్ర పంచమం సబ్‌టోన్‌లో పలికినప్పుడు, అమ్మ పాప వీపు మీద చెయ్యి వేసి "ఊఁ... ఊఁ..." అనే ధ్వని లాగే వచ్చింది. జూన్ నుంచి వెతుకుతున్నది అదే.

అక్టోబరు 12

చెల్లి వాళ్ల ఇంట్లో రిహార్సల్, నాచారంలో. ప్లాన్ ఇది: అమ్మ పాడుతుంటే టెనర్, చరణాల మధ్య ఆల్టో మీద ఒక స్థాయి పైన పల్లవి. రెండూ స్టాండుల మీద పక్కపక్కనే.

మార్చుకోవడం అనుకున్నంత తేలిక కాదు. టెనర్ మీద వదులైన పెదవితో ఆల్టో పట్టుకుంటే మొదటి స్వరం కిందికి పడుతోంది. నాలుగు నిమిషాలు స్టాండు మీద ఉన్న ఆల్టో చల్లబడి, రీడు కొస ఎండిపోతోంది. పైగా నాలుగు శృతిలో ఆల్టో స నుంచి ద కి దిగడం డి నుంచి బి కి దిగడమే, టెనర్‌లో గ-ప దగ్గర ఉన్న గోడ ఇక్కడ స-ద మధ్య ఉంది. ఒకే పాట, ఒకే వేళ్ల పటం, గోడ మాత్రం వేర్వేరు చోట్ల. టెనర్ కోసం నేర్చుకున్న జాగ్రత్త ఆల్టోలో తప్పు చోట గుర్తొస్తోంది.

ఇవన్నీ సాధనతో పోయేవే. కానీ ఆల్టో అందుకోగానే పాప ఉలిక్కిపడి ఏడ్చింది. రెండోసారి పక్క గదిలోంచి వాయించినా అంతే. టెనర్‌కి కదల్లేదు. ఆల్టో బారసాలలో వద్దని చెల్లి అనలేకపోతోంది, నేనే అన్నాను. చరణాల మధ్య ఖాళీగా ఉండనీ, అమ్మ ఉయ్యాల ఊపుతుంది, ఆ చప్పుడు చాలు.

అక్టోబరు 18

బారసాల. ఉయ్యాల ఉన్న హాల్లో కాకుండా, తలుపు సగం మూసి, పక్క గదిలో గోడ వైపు తిరిగి కూర్చున్నాను. నాకు ఉయ్యాల కనబడదు, అమ్మ గొంతు వినబడుతుంది. పొద్దున కొత్త రీడు ఒకటి నీళ్లలో నానబెట్టి వాయించి చూసి, పక్కన పెట్టేసి పాతదే పెట్టాను.

అమ్మ షడ్జం అడగలేదు. అలవాటుగా తనంతట తనే అందుకుంది, నాలుగుకి వెంట్రుకవాసి కింద. మౌత్‌పీస్ జరిపే టైము లేదు. పెదవి ఇంకొంచెం వదిలి ఆవిడ దగ్గరికి దిగాను. పల్లవిలో గ-ప దగ్గర ఒక్కసారి టిక్కుమంది. రెండో చరణంలో మంద్ర పంచమం దగ్గర అమ్మ గొంతు, టెనర్ విడివిడిగా వినిపించలేదు నాకు. మూడో చరణం మధ్యలో అమ్మ ఆగింది. దుఃఖం వచ్చిందో, ఊపిరి అందలేదో గోడవైపు తిరిగి ఉన్న నాకు తెలియలేదు. ఆ వరుస నేనొక్కదాన్నే వాయించాను. తర్వాతి వరుసకి అందుకుంది.

భోజనాలయ్యాక, చీకటి పడ్డాక, పిల్లలంతా డాబా మీదికి లాక్కెళ్లి ఆల్టో వాయించమన్నారు. పాప కింద నిద్రపోతోంది. అదే పాట, ఒక స్థాయి పైన, ఈసారి నిండుగా, సబ్‌టోన్ లేకుండా. అమ్మ మెట్ల దగ్గర కుర్చీలో కూర్చుని కింది స్థాయిలో కూనిరాగం తీస్తోంది. స-ద గోడ దాటింది. ఆరుబయట కదా, శబ్దం పోయింది పోయినట్టే, ఉస్మానియా చెట్ల కింద లాగే. అయినా ఈసారి వణకలేదు.

అయిపోయాక అమ్మ అంది. "రెండో చరణంల ఒక్కటి వదిలిపెట్టినవ్. కిందికి దిగేకాడ."

ని. ఆల్టో నోట్స్‌లో జూన్‌లో కొట్టేసింది, ఆగస్టులో టెనర్ నోట్స్‌లో మాత్రమే తిరిగి రాశాను. ఆల్టోది దిద్దుకోలేదు. డి, సి, బి. రెండో చరణం మళ్లీ మొదలుపెట్టాను.